జింకుకి ముప్పై రెండు పాయింట్ ఏడు

మార్చి 4, మంగళవారం

బావ కొత్త సరుకు తెచ్చాడు. పాత ఇనుప సామాన్ల వాడు జింకు అని చెప్పి అమ్మిన కడ్డీలు. రేపు వెనక షెడ్డులో కరిగించి అచ్చుల్లో తలుపు పిడులు పోస్తాడు. ఒక ముక్క అడిగి తీసుకున్నాను.

తుల్యభారం లెక్క నా చేత్తో చేసి చూడాలని ఎన్నాళ్ళుగానో ఉంది. లోహాన్ని యాసిడ్‌లో వేసి, వచ్చిన హైడ్రోజన్‌ని కొలవాలి. 11,200 మిల్లీలీటర్లు రావడానికి ఎన్ని గ్రాములు కావాలో అదే తుల్యభారం. జింకుకి 32.7 రావాలి.

ప్రొఫెసరు గారూ, కొంప తగలబెట్టకండి అన్నాడు బావ.

మార్చి 5

అరగ్రాము వేశాను. బుడగలు నీరసంగా వచ్చాయి. వేడికీ నీటి ఆవిరికీ దిద్దితే గ్యాసు వంద మిల్లీలీటర్లే. లెక్క 56 తేలింది. ట్యూబు లీకై ఉండాలి.

షెడ్డులో పొగ గోధుమరంగులో ఉంది. బావ సాయంత్రం నుంచి దగ్గుతున్నాడు. జింకు పొగేలే, ఒక్క రాత్రి జ్వరం, నాకు కొత్తా అన్నాడు.

మార్చి 6

అతుకులన్నిటికీ మైనం పూసి మళ్ళీ చేశాను. 56.

భోజనాల దగ్గర చెప్పాను. పుస్తకం ముప్పై రెండంటే నువ్వు యాభై ఆరు తెచ్చావు, ఫస్టు క్లాసేరా అని బావ నవ్వబోయి దగ్గాడు. వాడి లెక్క తర్వాత, ముందు మీ ఒళ్ళు చూడండి, కాలిపోతోంది అని అక్క కసిరింది.

మార్చి 7, ఉదయం

బావకి ఊపిరి ఆడటం లేదు. క్లినిక్‌కి తీసుకెళ్ళాను. ఏం కరిగించారని డాక్టరమ్మ అడిగారు. జింకు అన్నాను. అయితే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుందని మాత్రలిచ్చి పంపారు.

మార్చి 7, సాయంత్రం

ఎక్కడ తప్పు చేశానా అని పుస్తకం చివరి పట్టిక తిరగేస్తున్నాను. కాడ్మియం. పరమాణు భారం 112.4. వేలెన్సీ 2. సగం చేస్తే 56.2.

నేను తప్పు చేయలేదు.

కాడ్మియం పొగ ఊపిరితిత్తుల్ని తినేస్తుందట. మొదట్లో మామూలు జింకు జ్వరంలాగే ఉంటుందట. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ నన్నే అనుమానించుకున్నాను, కడ్డీని అనుమానించలేదు. పొద్దున డాక్టరమ్మకి జింకు అని చెప్పింది నేనే. నా నోటితో.

బండి వచ్చింది. బావని ఆసుపత్రికి తీసుకెళ్తున్నా.

మార్చి 8, ఆసుపత్రి

బావ ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. కాడ్మియం అని మీకెలా తెలుసని పెద్ద డాక్టరు అడిగాడు. లెక్కలో వచ్చిందన్నాను. ఎప్పుడు వచ్చిందన్నాడు. బుధవారం అన్నాను. ఆయన అది కేసు షీటులో రాసుకున్నాడు.

అచ్చులు విప్పావా, పిడులు బాగా దిగాయా అని బావ చేత్తో సైగ చేశాడు. బాగా దిగాయన్నాను. నేను షెడ్డులోకే వెళ్ళలేదు.

మార్చి 10

బావ పోయాడు.

మార్చి 23

అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ లెక్కేదో నాకూ నేర్పరా అంది.

ముందు లోహాన్ని తూచాలి అన్నాను.

తర్వాత అంది.

తర్వాత ఏం చేయాలో గుర్తు రాలేదు.