యాకోబు అన్న తెడ్డు

ఆదివారం.

గోదావరిలో పొడుగు తెడ్ల పడవల డ్రాగన్ బోటు పందెం మా గని జట్టే గెలిచింది. అన్నం సయించలేదు.

పడవ వెనక కొసన నిలబడి చుక్కాని తిప్పేది నేనే. పక్క గని యాకోబు అన్న జట్టు ఇప్పటికీ చెమ్మస్ పారతో బొగ్గు ఎత్తినట్టు తెడ్డును పొడుగ్గా లాగుతుంది. మావాళ్ళకు నేను కొత్త పద్ధతి నేర్పాను: ముందుకు వంగి, పొట్టిగా, వేగంగా. అయినా సగం దూరంలో వాళ్ళే ముందున్నారు. అప్పుడు పడవను వాళ్ళకు కేటాయించిన దారిలోకి కొద్దిగా తిప్పాను. వాళ్ళు లేపిన అల మమ్మల్ని మోసింది. చివర్లో దాటేశాం. అది తప్పని నాకు తెలుసు. ఒడ్డు మీద ఎవరూ గమనించలేదు.

దిగాక యాకోబు అన్న నవ్వుతూ వచ్చాడు.

"గెలిచినవ్ తమ్మీ. మా చెమ్మస్ పట్టుడు పాతదైంది. ఇగ మా పోరగాండ్లకు గూడ నువ్వే నేర్పు."

"గట్లంటవేందే అన్నా, సగం దాంక మీరే ముందున్నరు గద."

"సగం దాంక ఉంటే కప్పు ఇస్తరా?"

అందరూ నవ్వారు. ఆయన తన తెడ్డు నా చేతిలో పెట్టి, ఇక పడవ ఎక్కనన్నాడు. చెప్పాలని నోరు తెరిచాను. అంతలో మావాళ్ళు నన్ను భుజాల మీదికి ఎత్తారు.

రేపు ఆయన మా క్వార్టర్ ముందు నుంచే డ్యూటీకి పోతాడు. చెప్పగలనని అనిపించడం లేదు. తెడ్డు తలుపు వెనక పెట్టాను. దానికి పిడిగా బిగించింది ఆయన పాత చెమ్మస్ కర్రే.