మాస్టారి మాట, నా బొంగురు గొంతు

14 ఫిబ్రవరి, 1984
గొంతు ఆపరేషన్ అయ్యాక మొదటి రిహార్సల్. పై స్వరం అందలేదు — గాలి, బొంగురు. మాస్టారు హార్మోనియం మూసేశారు. పదకొండేళ్లు ఆయన ఆర్కెస్ట్రాలో పాడినదాన్ని. అందరి ముందూ అన్నారు — "ఈ గొంతు సేపల ఏలంపాటకి తప్ప దేనికీ పనికిరాదు."
అందరూ నవ్వారు. తబలా ఆయన కూడా...

15 ఫిబ్రవరి
ఏడవలేదు.

2 మార్చి
రిహార్సళ్లన్నీ టేపు చేయిస్తారాయన. ఆ రోజు క్యాసెట్ నా సంచిలోకి వచ్చింది. వచ్చిందేమిటి — తీశాను. మాట స్పష్టంగా ఉంది. నవ్వులు కూడా.

11 మార్చి
ఫిషింగ్ హార్బర్. చేపల వేలంపాటకే వెళ్లాను, టేప్ రికార్డర్ పట్టుకుని. పాట పిలిచే పైడమ్మ గొంతు నాకంటే బొంగురు. ఆ గొంతుకి అంత జనమూ నోరు మూసుకుని నిలబడ్డారు.
"నా అరుపేటి సేసుకుంతావమ్మా?" అంది. పాటలో పెడతానన్నాను. నవ్వలేదు. నాకోసం ఇంకోసారి అరిచింది.

6 ఏప్రిల్
వంటగది తలుపుకి దుప్పటి. ఒక రికార్డర్‌లో హార్బర్‌లో పట్టుకొచ్చిన ఐసు మర చప్పుడు మోగుతుంటే దాని మీద పాడి రెండోదాంట్లోకి ఎక్కించడం. దాని మీద మళ్లీ నా గొంతే. అందని స్వరాన్ని అందనట్టే వదిలేస్తున్నాను. అక్కడే ఒళ్లు జలదరిస్తోంది.

20 మే
నా క్యాసెట్‌కి ఆరో పాట. మాస్టారి మాటని పదేపదే టేపుకెక్కించి, బ్లేడుతో కోసి, అతికించి — దేనికీ పనికిరాదు, దేనికీ పనికిరాదు — పాట పొడుగునా. దాని మీద నా బొంగురు. ఎంత హాయిగా ఉందో!

9 జులై
వన్ టౌన్ క్యాసెట్ల షాపులో నా క్యాసెట్ మైకులో పెట్టారు. జనం ఆగి వింటున్నారు. ఈ ఊళ్లో ఆయన గొంతు ఎవరికి తెలియదు? సీతమ్మధారలో ఆయన దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలు వెనక నుంచి అదే మాట అంటున్నారట. అననీ.

23 జులై
మాస్టారు వచ్చారు. ఆ పాట తీసేయమని బతిమాలతారు, కాదందామని రెండు వారాలుగా కాచుకుని ఉన్నాను. ముందు వినండి అన్నాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నారు. తొడ మీద వేళ్లు తాళం వేస్తూనే ఉన్నాయి. చెప్పులు తొడుక్కుంటూ అన్నారు —
"ఆరో పాటలో నా మాట అరదెబ్బ ఆలిస్యంగా పడతంది, రత్నం. సూసుకో."
అంతే. బతిమాలలేదు.

24 జులై
ఇరవైసార్లు విన్నాను. ఆలస్యమే. అరదెబ్బ.
రేపు కొత్త కాపీలు తీయాలి. సరిచేస్తే ఆయన మాట విన్నట్టు. వదిలేస్తే నా పాటలో తప్పు నేనే ఉంచినట్టు. బ్లేడు చేతిలోనే ఉంది —