గండాలు మోసే చేపలు

తిరుచ్చి

తమ్ముడు కదిరవన్‌కు,

గృహప్రవేశానికి నువ్విచ్చిన బంగారు చేపల్లో చివరిది కూడా నిన్న పోయింది. బ్లీచింగ్ కంపు కొట్టే కుళాయి నీళ్లనే మీ బావగారు తిన్నగా తొట్టిలో పోస్తారు. ఆ బ్లీచింగ్‌ను విరిచేందుకు నువ్విచ్చిన వాటర్ కండిషనర్ కలపమంటే, "కావేరిలో చేపలకి ఎవడు పోస్తున్నాడే మందు?" అంటూ సీసా విసిరేశారు. తాను మాత్రం క్యాను నీళ్లే తాగుతారు.

చేప చచ్చినప్పుడల్లా, "మనింటి గండం మోసుకుపోయింది, మహాతల్లి!" అని దండం పెడతారు. ఒకటి ఆయన స్కూటరు ప్రమాదాన్ని పట్టుకుపోయిందట, ఇంకొకటి మా అత్తగారి మోకాళ్ల నొప్పిని. ఆవిడ ఇంకా కుంటుతూనే ఉన్నారు.

కాబట్టి మీ కొళత్తూరు దుకాణం నుంచి కొత్త చేపలతో పాటు ఆ మందు కూడా తీసుకురా. సీసా మీది కాగితం పీకేసి, రామేశ్వరం తీర్థమని చెప్పు. తొట్టిలో పోయడానికే గానీ తాగకూడదని కూడా చెప్పు. మందైతే వాదిస్తారు గానీ, తీర్థమైతే కళ్లకద్దుకుని మరీ పోస్తారు.

ఆలస్యం చేయకురా. పొద్దున ఖాళీ తొట్టి చూసి, "ఇక మన గండాలు ఎవరు మోస్తారే?" అంటూ నా వైపే చూశారు.

అక్క