తుపాకి పట్టనని చెప్పాను

ఫిలడెల్ఫియా

అన్నయ్యకు,

నీ షుగరు ఎలా ఉంది? వదిన మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ప్రభాకర్ ఇంటరు క్వార్టర్లీ పరీక్షలు బాగా రాశాడా? ప్రభువు దయవల్ల నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. నీ ఉత్తరం చదివాక కూడా బాగున్నాను.

"నలభై ఆరేళ్ల ఆడదానికి తుపాకి ఎవడిస్తాడే? ఊ అనేసి రా" అని రాశావు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. వదినకూ ప్రభాకర్‌కూ అసలు సంగతి నువ్వు చెప్పి ఉండవు, కాబట్టి ఇది వాళ్లకూ చదివి వినిపించు. ఇక్కడ పౌరసత్వం ఇచ్చే ముందు ఆఫీసరు ఎదురుగా కూర్చోబెట్టుకుని, చట్టం పిలిస్తే దేశం కోసం ఆయుధం పడతావా అని అడుగుతాడు. ఆడా మగా తేడా లేదు, అందరినీ అడుగుతారు. నేను పట్టనన్నాను. దాంతో నా కాగితాలు ఆగాయి. నాకు పౌరసత్వం వస్తేనే మిమ్మల్ని ఇక్కడికి పిలిపించుకోవడం కుదురుతుంది. పాస్‌పోర్టుకి ఫోటోలు కూడా తీయించామని వదిన రాసింది. అది చదివి రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

ఇక్కడ చలి మొదలైంది. లోపల రెండు స్వెట్టర్లు, పైన కోటు వేసుకుని మూటలా డ్యూటీకి వెళ్తున్నాను. వియత్నాం యుద్ధం ముగిసి పదేళ్లయినా నా వార్డులో దాని తాలూకు మనుషులు ఇంకా ఉన్నారు. ఒకతనికి మోకాళ్ల కింద కాళ్లు లేవు. లేని పాదం దురద పెడుతోందని రోజూ పొద్దున్నే నన్ను గోకమంటాడు. దుప్పటి మీద, పాదం ఉండాల్సిన చోట గోకుతాను. "థాంక్యూ మణీ" అని కళ్లు మూసుకుంటాడు. అతని చేతికి తుపాకి ఇచ్చినప్పుడు కూడా ఎవరో ఊ అనేసి రమ్మనే ఉంటారు.

"గుండ్లకమ్మ ఏట్లో మునిగిన తడి అప్పుడే ఆరిపోయిందా? పాస్టరు లేడు, పాట లేదు, బాప్తిస్మం లేదు, అదేం సంఘం?" అని అడిగావు. ఆరలేదు అన్నయ్యా. నేనక్కడికి ఎలా చేరానో కూడా విను. వచ్చిన కొత్తలో తెలుగు మాట వినాలని ఉగాది భోజనాలకు వెళ్లాను. ఒక డాక్టరుగారి భార్య పులిహోర వడ్డిస్తూ, "మీరు ఏ సైడ్ అండీ? సర్‌నేమ్ చెబితే ప్లేస్ చేస్తాను" అంది. చెప్పాను. ఆవిడ గరిటె పక్క విస్తరి వైపు వెళ్లిపోయింది. ఇక్కడి బాప్టిస్టు చర్చికి వెళ్తే అందరూ నవ్వుతూ చేతులు కలిపారు గానీ నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. అప్పుడు మా ఆస్పత్రిలో రిటైరైన నర్సు ఎడిత్ నన్ను తమ క్వేకర్ల మీటింగ్‌కి తీసుకెళ్లింది. యుద్ధం పాపమనే పాతకాలపు క్రైస్తవ శాఖ అది, ఆరాధనను వాళ్లు మీటింగ్ అంటారు. వెళ్లి నా పక్కనే కూర్చుంది.

మన సంఘంలో మౌనమంటే కరెంటు పోయి మైకు ఆగినప్పుడే. అక్కడ గంటసేపూ మౌనమే. వేదిక లేదు, పాస్టరు లేడు. లోపల ప్రేరణ కలిగినవాళ్లు, ఆడైనా మగైనా, లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. మొదటి వారం నేను గురక పెట్టి నిద్రపోయాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకసారి మన పద్ధతిలో కోడికూర వండి తీసుకెళ్లాను. అందరికీ కళ్లంట నీళ్లు కారాయి గానీ ఒక్కరూ నోరెత్తలేదు. వాళ్ల మౌనం ఎంత గట్టిదో ఆరోజు తెలిసింది.

వాళ్లేమీ దేవదూతలు కారు. మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో దొరల ముందు టోపీ తీయబోమని, కోర్టులో ఒట్టు పెట్టబోమని చెప్పి జైళ్లకు పోయినవాళ్లే ఈ దేశం వచ్చి బానిసల్ని కొనుక్కున్నారట. అది తప్పని ఒప్పుకోవడానికి తరాలు పట్టిందని ఎడిత్ స్వయంగా చెప్పింది. అందరూ ఒక తీరు వాళ్లు కూడా కారు. కెన్యా నుంచి చదువుకోవడానికి వచ్చిన జోసెఫ్ మా మీటింగ్‌కి వస్తాడు. మొదటి రోజు, "ఎవరైనా చనిపోయారా?" అని నా చెవిలో అడిగాడు. వాళ్ల దేశంలో క్వేకర్లు ఇక్కడికంటే ఎక్కువట. అక్కడ పాస్టర్లున్నారు, డప్పులున్నాయి, ప్రసంగం మొదలైతే పొయ్యిమీద కూర మాడిపోవాల్సిందేనట. నీలా ప్రసంగాలు చెప్పేవాడు వెళ్తే వదిలిపెట్టరు.

ఈ తేడాలే ఇంటర్వ్యూలో నా మెడకు చుట్టుకున్నాయి. నమ్మకం అడ్డొచ్చేవాళ్లు పౌరసత్వ ప్రమాణంలో ఆయుధం మాట వదిలేసి మిగతాది పలికే వీలు చట్టంలోనే ఉంది. కాని నా నమ్మకం నిజమైనదని ఆ ఆఫీసరుకు అనిపించాలి. ఆయనది ఇండియానా రాష్ట్రం.

"మా పెద్దమ్మ క్వేకరే. వాళ్ల చర్చిలో పియానో ఉంది, పాస్టరు ఉన్నాడు. ఆమె కొడుకులిద్దరూ యుద్ధానికి వెళ్లారు. మీరేం క్వేకరు?" అన్నాడు.

"వాళ్ల సంగతి వాళ్లు చెప్పాలి సార్. నేను నా సంగతి చెబుతున్నాను."

"పుట్టింది బాప్టిస్టుగా కదా. ఇదంతా ఎప్పుడొచ్చింది?"

"వార్డులో పని చేస్తుంటే వచ్చింది."

"సైన్యంలో నర్సుగా అయినా చేస్తారా?"

"దెబ్బ తగిలినవాళ్లకు కట్టు కడతాను. ఎటువైపు వాడని మాత్రం అడగను" అన్నాను.

ఆయన కలం కింద పెట్టేశాడు. చెడ్డవాడేం కాదు. "జవాబు మార్చుకోండి, ఈరోజే అయిపోతుంది. లేదంటే పై ఆఫీసరు దగ్గరికి వెళ్లాలి, ఆయన కొట్టేయవచ్చు" అన్నాడు. పై ఆఫీసరు వచ్చే మంగళవారం రమ్మన్నాడు.

మన తాత సంగతి నువ్వే ఏటేటా ప్రసంగంలో చెబుతావు. ప్రభువును నమ్ముకున్నాక జాతరలో డప్పు కొట్టనన్నాడని మునసబు మన వాళ్లకు నీళ్లు ఆపించాడు. "ఒక్కసారి కొట్టేయరా, మనసులో నీ దేవుడే ఉంటాడుగా" అని మన వాళ్లే కాళ్లు పట్టుకున్నారు. వేసవంతా వాగులో చెలమలు తవ్వుకుని తాగారు గానీ తాత డప్పు ముట్టలేదు. అది చెప్పేటప్పుడు నీ కళ్లు చెమరుస్తాయి, సంఘమంతా ఆమెన్ అంటుంది. అదే మనవరాలు కాదంటే ఊ అనేసి రమ్మంటావా? తాత చేస్తే సాక్ష్యం, నేను చేస్తే పిచ్చా? నాకు కోపంగా ఉంది అన్నయ్యా. ఈ దేశంలో నా పక్కన కూర్చునే సొంత మనుషులు కావాలని నీకంటే నాకే ఎక్కువ ఆశ. అయినా ఊ అనను.

పండుమిరప పచ్చడి ఎవరితోనైనా పంపమని వదినకు చెప్పు, ఆవిడ నామీద కోపంతో ఉన్నా సరే. చిన్నమ్మకు, సంఘ పెద్దలకు నా వందనాలు. ప్రభాకర్‌కు ముద్దులు. వాడి అమెరికా ఆగిపోతే అత్త వల్లే ఆగిందని వాడికి చెప్పు, దాచకు. ఎందుకో కూడా చెప్పు.

నన్ను ఆశీర్వదించాలనిపిస్తే ఇదంతా తెలిసే ఆశీర్వదించు. ఫోను చేసి చెబితే నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతానేమో. అందుకే ఉత్తరం రాశాను. ఇక్కడి నుంచి ఉత్తరం మన ఊరు చేరడానికి రెండు వారాలు పడుతుంది. నువ్వు ఇది చదివేసరికి మంగళవారం దాటిపోయి ఉంటుంది, నేను కాదని మళ్లీ చెప్పేసి ఉంటాను.

నీ చెల్లెలు,
దయామణి