మందిరం డబ్బా

చిట్టి నాన్నకు, ప్రభువు కాపుదలలో ఇద్దరం బాగున్నాం, బెంగపడకు.

కాఫీ పళ్లు కోస్తూ పడి మన పక్కింటి కనకవ్వ చెయ్యి విరగ్గొట్టుకుంది. వండే ప్రతిసారీ మందిరానికని నేను పిడికెడు బియ్యం తీసి దాచే డబ్బాను మన చిట్టి మొన్న ఆ అవ్వ చేటలో బోర్లించేసింది.

"ఆదివారం మందిరానికి ఏటి అట్టుకెల్తామే గుంటా?" అని కేకలేశాను.

"అవ్వ పొయ్యి రెండ్రోజుల్నుంచి ఎలగలేదమ్మా. దేవుడికి ఆకలేత్తాదా ఏటి?" అంది.

ఆదివారం ఆ ఖాళీ డబ్బానే తలెత్తుకుని పట్టుకెళ్లాను.

చలి ముదిరింది, దానికి స్వెట్టర్ పంపు. కేరళలో వేళకి వండుకుంటున్నావా? "నాన్న కూడా పిడికెడు తీత్తన్నాడా?" అని రోజూ అడుగుతోంది. తీస్తున్నాడనే చెప్పాను. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. నన్ను మాత్రం అబద్ధాలకోరుని చెయ్యకు.

బేబి