సూది తప్పు కాదు

మా చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమంగానే ఉన్నాం. ఈ 'క్షేమం'లో చిన్న మెలిక ఉంది, తర్వాత చెబుతాను. నువ్వెలా ఉన్నావని అడగడానికే భయంగా ఉంది. "ఫోన్లో అంత పెద్ద సంగతి చెబితే 'సరేలే, చూద్దాం' అని పెట్టేశావు. ఇక నీకు ఫోన్ చెయ్యను" అని రాశావు కదా. ఆ ముక్క చదివాక నాకు ముద్ద దిగలేదే. తిట్టు, అలుగు, కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

ముందు నువ్వడిగినదానికి జవాబు. బూజు పట్టిన పాటల రికార్డుని నిక్షేపంగా కడగొచ్చు. డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క సబ్బు కలిపి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా తుడువు. అంట్లు తోమినట్టు అడ్డదిడ్డంగా రుద్దావో, చేతులు విరగ్గొడతాను! మధ్యలో అంటించిన పేరు కాగితం తడవనీకు. బరువుగా, పెళుసుగా ఉండే పాత లక్క రికార్డయితే స్పిరిట్ జోలికి పోకు, కరిగిపోతుంది.

ఇక కొట్టు సంగతి. పాటల టీచరమ్మ తన పాత రికార్డు ప్లేయర్ బాగుచెయ్యమని ఇచ్చింది. బెల్టు మార్చాను, మోటారుకి నూనె వేశాను, పళ్ళెం చక్కగా తిరుగుతోంది. తీరా పాట పెడితే, గాయని దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది. 'స' అనాల్సిన చోట ఏమీ లేదు. మురికేమోనని రికార్డు మళ్ళీ కడిగాను. సూది అరిగిందేమోనని కొత్తది వేశాను. సూది మీద బరువు పెంచాను, తగ్గించాను. ఊహూఁ. ఆ సూది అమ్మినవాణ్ణి నానా మాటలూ అన్నాను, పాపం.

టీచరమ్మ వచ్చి విని, "అబ్బ, ఎంత బాగా పలుకుతోందమ్మా!" అంది.

"ఎక్కడండీ? సకారాలన్నీ మింగేస్తోంటేనూ!"

ఆవిడ నావంక వింతగా చూసింది. "నాకన్నీ వినపడుతున్నాయే. ఆ మోటారు దగ్గర కీచుమంటోంది చూడండి, అదొక్కటి సరిచేస్తే చాలు."

నాకే కీచూ వినపడలేదు. మోటారు మీద వేలు పెట్టి చూస్తే సన్నగా వణుకుతోంది. ఇన్నేళ్ళూ ఈ చెవుల్ని నమ్ముకుని బతికినదాన్ని. మర్నాడే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

సన్నటి శబ్దాలు రెండు చెవులకీ అందడం లేదనీ, మిషన్ పెట్టుకోవాలనీ డాక్టరు చెప్పాడు. మీ నాన్నకి చెబితే, "నా మాట నువ్వెప్పుడు విన్నావు గనక!" అని నన్ను నవ్వించబోయి, తనే అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. ఆ మోటారుని మాత్రం వేలితోనే పట్టుకుని బాగుచేశాను. కొట్టు ఇప్పట్లో మూసెయ్యను.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నీ గొంతు అసలే సన్నం, ఆ రోజు మరీ గుసగుసగా మాట్లాడావు. నువ్వేం చెప్పావో నాకు వినపడలేదే. అప్పటికే రెండుసార్లు "ఆఁ?" అన్నాను. మళ్ళీ అడిగితే విసుక్కుంటావని 'సరేలే, చూద్దాం' అనేశాను. లైను బాగాలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నువ్వు సంతోషంగా చెప్పావో, ఏడుస్తూ చెప్పావో కూడా తెలీదు. అది తలుచుకుంటే గుండె తరుక్కుపోతోంది.

చివర్లో "నాన్నకి ఇప్పుడే చెప్పకు" అన్నది ఒక్కటే స్పష్టంగా వినపడింది. ఒట్టు, చెప్పలేదు. ఏం చెప్పకూడదో నాక్కూడా కాస్త రాయవే తల్లీ.

ఇట్లు,
నీ మాట కోసం కాచుకుని కూర్చున్న
మీ అమ్మ