మూడుసార్లు చచ్చిన రాజు

నాయనా,

నువ్వు పోయాక ఆగిన నాటకం ఈ ఏడు మళ్లీ ఆడారు. నీ రాజు వేషం తమ్ముడు కట్టాడు. చచ్చేముందు పాడే పద్యానికి నందవరం జనం "వన్స్ మోర్" అని అరిస్తే, పడిపోయినవాడు లేచి పాడి మళ్లీ చచ్చాడు. అలా మూడుసార్లు!

పొద్దున ఆటోలో ఎమ్మిగనూరుకు వస్తుంటే మీ పాత తగువే లేచింది. రాజు పతనానికి తప్పెవరిది? నువ్వు రాజు మొండితనం అనేవాడివి, అమ్మేమో మంత్రిని తిట్టేది.

"నాయన సెప్పినట్ల రాజుదే తప్పుమ్మా" అన్నాడు తమ్ముడు.

"రాజుదీ కాదు, మంత్రిదీ కాదురా. లేపి లేపి సంపింది మనమే" అంది అమ్మ. ఆటో అంతా ఒకటే నవ్వు.

ఇంటికొచ్చి నీ కిరీటం తుడిచి పెట్టెలో పెడుతూ, నేను వినడం లేదనుకుని, అమ్మ మెల్లగా "వన్స్ మోర్" అంది.